తాగుడు మానాలనుకునే సోదరునికి దారి: మద్యవిముక్తి మీటింగ్‌ను వెతకడం ఎలా?



ఈ సంచికలో స్కాలర్‌షిప్పులు, కుట్టు మిషన్ల పంపిణీ, రంజాన్ రేషన్ కిట్ల గురించిన పేజీలన్నిటికీ ఫొటోలు ఉన్నాయి. ఈ వ్యాసానికి మాత్రం ఫొటో వేయలేదు. ఇందులో చెప్పే పనికి ఫొటో తీయకూడదు. కారణం ముందు ముందు మీకే తెలుస్తుంది.

మా సొసైటీ నుంచి మూడేళ్ళుగా రంజాన్ కిట్టు, పిల్లల స్కూలు ఫీజు అందుకుంటున్న ఒక కుటుంబం ఉంది. ఇంటి యజమాని ఆటో నడుపుతాడు. సంపాదన లేనివాడు కాదు, కానీ ఆ సంపాదనలో ఇంటికి చేరేది తక్కువ. కిందటేడు కిట్టు కోసం వచ్చిన అతని భార్య, వరుసలో ఉన్నవాళ్ళందరూ వెళ్ళేదాకా ఆగి మా కార్యదర్శితో ఇలా అంది: "భాయ్, మీరిచ్చే బియ్యం ఒక నెల వస్తాయి. ఆయన తాగుడు పన్నెండు నెలలూ ఉంటుంది. మానేస్తానని ఆయనే ఏడుస్తాడు, మానలేకపోతున్నాడు. ఇలాంటివాళ్ళను ఎక్కడికి తీసుకెళ్ళాలో మీకేమైనా తెలుసా?"

మాకు తెలియదు. డయాలసిస్ ఎక్కడ చేస్తారో, కంటి ఆపరేషన్లకు ఎవరిని కలవాలో, ఏ పథకానికి ఏ కార్డు కావాలో అడిగితే వెంటనే చెప్పగలం. ఈ ప్రశ్నకు మాత్రం "దువా చేస్తామమ్మా" అనడం తప్ప మా దగ్గర జవాబు లేకపోయింది. ఆ రోజు నుంచి తిరిగి, అడిగి, కొన్నిసార్లు పొరపాటుపడి మేం తెలుసుకున్న సంగతులనే ఇక్కడ మీ ముందుంచుతున్నాం. మీ మొహల్లాలో, మీ బంధువుల్లో, మీ దుకాణంలో పనిచేసేవాళ్ళలో ఎవరో ఒకరికి ఇది అక్కరకు వస్తుందని మా నమ్మకం.

మనలో లేదనుకుంటే సరిపోదు

"మన వాళ్ళలో ఈ జబ్బు ఎక్కడుంది?" అని కొందరు పెద్దలు అడిగారు. మద్యం హరాం అని మనలో తెలియనివారు లేరు. అందుకే తాగే మనిషి దాచుకుంటాడు, ఇల్లాలు దాచిపెడుతుంది, కూతురి సంబంధం చెడిపోతుందని తల్లి దాస్తుంది. హిందూ సోదరుల ఇంట్లో నలుగురికీ తెలిసే సమస్య మన ఇంట్లో తలుపు వెనకే ఉండిపోతుంది. దాచడం వల్ల సమస్య తగ్గదు, సాయం మాత్రం ఆలస్యమవుతుంది.

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశమంతటా చేసిన సర్వే నివేదిక 2019లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వారిలో దాదాపు 5.7 కోట్ల మందికి సాయం అవసరమయ్యేంతగా తాగుడు సమస్య ఉంది. మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందినట్టు చెప్పారు. మిగిలిన 37 మంది ఇళ్ళలోనే ఉన్నారు.

మన ప్రాంతానికి ఇది కొత్త పోరాటం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమంతో 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. దుకాణం తెరవాలా మూయాలా అన్నది ప్రభుత్వాల చేతిలో ఉంటుంది. దుకాణం ముందు నుంచి రోజూ ఆటో నడుపుకుంటూ వెళ్ళే మనిషి ఆగకుండా ఇంటికి చేరాలంటే అతని పక్కన మరొకరు ఉండాలి.

దైవప్రవక్త (సల్లం) కాలంలో ఒక వ్యక్తి తాగి పదే పదే పట్టుబడి శిక్ష పొందేవాడు. ఒకసారి అక్కడున్నవారిలో ఒకరు అతణ్ణి శపించారు. ప్రవక్త (సల్లం) అలా శపించవద్దని వారించారు, అతనికి అల్లాహ్ మీద, ఆయన ప్రవక్త మీద ప్రేమ ఉందని చెప్పారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఈ సంఘటనను మా ఇమాం సాహెబ్ గుర్తుచేసిన రోజే మా కమిటీలో ఈ విషయంపై వాదన ముగిసింది. తాగడం పాపమే. పాపం చేసినవాణ్ణి సమాజం నుంచి తరిమేయమని మాత్రం మనకు ఎవరూ చెప్పలేదు.

ముందు డాక్టరు, తర్వాత మీటింగ్

మేం నేర్చుకున్న మొదటి పాఠం ఇది. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. రెండు రోజుల లోపు కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేనివి కనిపిస్తాయి, జ్వరం వస్తుంది, తానెక్కడున్నాడో తెలియదు. దీన్ని గాలి సోకిందని, దయ్యం పట్టిందని అనుకుని తావీజు కట్టించి ఇంట్లో కూర్చోబెడితే మనిషి దక్కకపోవచ్చు. వెంటనే ఆస్పత్రిలో చేర్చాలి.

మన సమాజంలో దీనికి తోడు మరొక విషయం ఉంది. చాలామంది రంజాన్ నెలవంక కనిపించిన రాత్రి నుంచి మానేస్తారు. ఉద్దేశం ఎంతో మంచిది. కానీ రోజూ తాగే అలవాటున్నవాడు మొదటి మూడు రోజుల్లో అన్నం, నీళ్ళు లేకుండా ఉపవాసం ఉంటూ ఈ వణుకును భరించాలనుకోవడం ప్రమాదకరం. రంజాన్‌కు రెండు మూడు వారాల ముందే డాక్టరును కలిసి, మందుల సాయంతో మానడం మొదలుపెడితే ఉపవాసాలూ సాఫీగా సాగుతాయి. అప్పటికీ ఒంట్లో బాగుండకపోతే వ్యాధిగ్రస్తునికి షరీఅత్ ఇచ్చిన సడలింపు గురించి ఇమాం సాహెబ్‌ను అడగాలి.

ప్రభుత్వ జనరల్ ఆస్పత్రుల్లోని సైకియాట్రీ విభాగాల్లో, హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం మానసిక వైద్యశాలల్లో ఈ చికిత్స దొరుకుతుంది. ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్పించేటప్పుడు ఒక్క మాట తప్పక అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి కేంద్రాలు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదై ఉండాలి. ఆ సర్టిఫికెట్ చూపమనండి. డాక్టరు ఎప్పుడు వస్తారో, ఇంట్లోవాళ్ళు వచ్చి చూడవచ్చో లేదో అడగండి. కొట్టి మాన్పిస్తామనేవాళ్ళ దగ్గర మన మనిషిని వదలకండి.

అలాగే, తెలియకుండా కూరలో కలిపిపెడితే తాగుడు మానేస్తారని అమ్మే పొడులు, మాత్రలు ఉన్నాయి. ఇల్లాళ్ళు ఆశతో కొంటారు. డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ లాంటి మాత్ర వేసుకున్న మనిషి ఆ సంగతి తెలియక తాగితే ప్రాణాపాయం కలగవచ్చు. ఏ మందైనా అతనికి తెలిసి, అతను ఒప్పుకుని, డాక్టరు చెప్పిన ప్రకారమే వాడాలి.

ఆస్పత్రిలో కొద్ది రోజుల్లో వణుకు తగ్గుతుంది. మనిషి తేరుకుని ఇంటికి వస్తాడు. అదే ఇల్లు, అదే వీధి, అదే స్నేహితులు. మీటింగ్ అవసరం ఇక్కడ మొదలవుతుంది.

మీటింగ్ అంటే ఏమిటి?

ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే బృందం పేరు మీలో కొందరు వినే ఉంటారు. క్లుప్తంగా ఏఏ అంటారు. తాగుడు మానాలనుకునేవాళ్ళు, మానినవాళ్ళు ఒకచోట కూర్చుని తమ అనుభవాలు చెప్పుకోవడమే ఇందులోని పని. డాక్టరు ఉండరు, ఉపన్యాసం ఉండదు.

ఇది ఎలా పుట్టిందో తెలుసుకుంటే దీని స్వభావం అర్థమవుతుంది. 1935 మే నెలలో న్యూయార్క్‌కు చెందిన బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ పట్టణానికి వెళ్ళాడు. తాగుడు మాని కొద్ది నెలలే అయింది. వెళ్ళిన పని చెడింది. హోటల్లో ఒకవైపు బార్, మరోవైపు టెలిఫోన్. తాగకుండా ఉండాలంటే తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలనిపించి, అక్కడ రాసి ఉన్న చర్చిల జాబితా చూసి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. చివరికి డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ ఇంటికి దారి దొరికింది. ఆ ఇద్దరి మాటల నుంచే ఈ బృందం పుట్టింది. డాక్టర్ బాబ్ చివరిసారి తాగిన 1935 జూన్ 10వ తేదీని దాని పుట్టినరోజుగా లెక్కిస్తారు. మన దేశంలో 1957లో ఢిల్లీలో మొదలైంది. మొట్టమొదటి మీటింగ్‌ను కూడా ఒక మనిషి ఫోన్ల మీద ఫోన్లు చేసే వెతుక్కున్నాడన్నమాట.

ఇందులో చేరడానికి ఒకే అర్హత: తాగుడు మానాలన్న కోరిక. ఫీజు లేదు, దరఖాస్తు లేదు, ఆధార్ కార్డు అడగరు. ఎవరి పూర్తి పేరూ అడగరు. అక్కడ విన్నది, చూసిన ముఖాలు బయట చెప్పకూడదన్నది అందరూ పాటించే నియమం.

వెతకడం ఎలా?

మొదట చేయగలిగిన పని ఫోన్. కేంద్ర ప్రభుత్వ సామాజిక న్యాయ శాఖ వారి ఉచిత మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446. మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ నంబరు 14416, ఇది 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. దగ్గరలో ఉన్న చికిత్స కేంద్రం గురించి, సాయ బృందాల గురించి వీరిని అడగవచ్చు.

రెండోది, ఏఏ బృందం భారతదేశ విభాగం వారి వెబ్‌సైటు. అందులో ఊళ్ళ వారీగా మీటింగ్‌ల వివరాలు, ఫోన్ నంబర్లు ఉంటాయి. హైదరాబాద్, సికింద్రాబాద్ వంటి పెద్ద నగరాల్లో పలుచోట్ల మీటింగ్‌లు జరుగుతాయి. చిన్న పట్టణాల్లో వారానికి ఒకటి రెండు రోజులే ఉండవచ్చు.

మూడోది, ప్రభుత్వ ఆస్పత్రి సైకియాట్రీ వార్డు. అక్కడి సోషల్ వర్కరును, నర్సమ్మను అడగండి. మాకు సరైన సమాచారం దొరికింది ఇక్కడే. చాలాచోట్ల బృందం సభ్యులు వార్డుకు వచ్చి రోగులతో మాట్లాడి వెళుతుంటారు.

ఇక్కడ మా పొరపాటు ఒకటి చెప్పాలి. మొదటిసారి మేం ఎవరో ఇచ్చిన పాత జాబితాలోని చిరునామా పట్టుకుని, ముందుగా ఫోన్ చేయకుండా, ఆ ఆటో సోదరుణ్ణి వెంటబెట్టుకుని బస్సులో 40 కిలోమీటర్లు వెళ్ళాం. గదికి తాళం వేసి ఉంది. బృందం అక్కడి నుంచి మారి ఏడాది దాటిందని పక్కనున్న టీ కొట్టు అతను చెప్పాడు. తిరుగు ప్రయాణంలో ఆ సోదరుడు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రే తాగాడు. మళ్ళీ రావడానికి అతణ్ణి ఒప్పించేసరికి ఆరు వారాలు పట్టింది. మానాలన్న కోరిక రోజూ ఒకేలా ఉండదు. అది ఉన్న రోజున తలుపు తెరిచి ఉండాలి.

కాబట్టి బయలుదేరే రోజే ఫోన్ చేసి ఇవి అడగండి: ఈ వారం మీటింగ్ ఉందా? ఏ రోజు, ఎన్ని గంటలకు? ఏ గేటు, ఏ గది? తెలుగులో జరుగుతుందా, హిందీ, ఉర్దూల్లోనా, ఇంగ్లిష్‌లోనా? అందరూ రాదగినదా, తాగుడు సమస్య ఉన్నవారికి మాత్రమేనా? ఈ చివరి ప్రశ్న ముఖ్యం. రెండు రకాల మీటింగ్‌లు ఉంటాయి. అందరూ రాదగిన దానికి భార్య, అన్నదమ్ములు, మా వంటి కార్యకర్తలు కూడా వెళ్ళవచ్చు. రెండోదానికి తోడు వెళ్ళినవాళ్ళు బయట కూర్చోవాలి. ఫోన్‌లో మాట్లాడిన సభ్యుణ్ణి "మా మనిషి కొత్తవాడు, కాస్త గేటు దగ్గర కలుస్తారా?" అని అడగండి. మేం అడిగిన ప్రతిసారీ వచ్చారు.

మొదటి రోజు ఏం జరుగుతుంది?

భయపడాల్సింది ఏమీ ఉండదు. గంట, గంటన్నర. కుర్చీలు, టీ, బిస్కట్లు. ఒకరు మీటింగ్ నడుపుతారు. కొందరు తాము ఎలా తాగేవారో, ఏం పోగొట్టుకున్నారో, ఇప్పుడెలా ఉన్నారో చెబుతారు. కొత్తవాడు మాట్లాడనక్కరలేదు, విని వచ్చేయవచ్చు. చివర్లో సభ్యులు తమ ఖర్చుల కోసం తలా కొంత సంచిలో వేస్తారు. కొత్తవాడు వేయనక్కరలేదు.

మన ఆటో సోదరుడు మొదటి రోజు బయటికి వచ్చి మాతో అన్నది ఒక్కటే: "నేనొక్కణ్ణే ఇలా ఉన్నాననుకున్నాను భాయ్." ఇంట్లో తిట్లు, మస్జిద్ దగ్గర చూపులు, మా వంటివాళ్ళ హితబోధలు ఇవ్వలేనిది అక్కడ అతనికి దొరికింది. తనలాగే తెల్లవారుజామున చేతులు వణికిన మనిషి, ఇప్పుడు ఆరేళ్ళుగా తాగకుండా ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నాడు.

ఒక్క మీటింగ్‌తో ఏమీ తేలదు. మొదటి 90 రోజుల్లో వీలైనన్ని మీటింగ్‌లకు వెళ్ళమని పాత సభ్యులు చెబుతారు. కొన్నాళ్ళకు ఒక పాత సభ్యుణ్ణి తనకు తోడుగా ఎంచుకోవచ్చు. స్పాన్సర్ అంటారు. డబ్బిచ్చే స్పాన్సర్ కాదు, తాగాలనిపించినప్పుడు అర్ధరాత్రైనా ఫోన్ చేయదగిన మనిషి.

మన సోదరులకు వచ్చే సందేహాలు

"మీటింగ్ చర్చి ఆవరణలో ఉందట, వెళ్ళవచ్చా?" అని చాలామంది అడుగుతారు. మన నగరాల్లో చాలా మీటింగ్‌లు చర్చి ఆవరణల్లో, స్కూలు గదుల్లో జరుగుతాయి. అది అద్దెకు తీసుకున్న గది మాత్రమే. ఏఏ ఏ మతానికీ, పార్టీకీ చెందదు. వారి పన్నెండు మెట్లలో దేవుని ప్రస్తావన ఉంది, ఆ దేవుణ్ణి ఎవరు ఎలా నమ్ముతారన్నది వారికే వదిలేశారు. ముస్లిం సభ్యుడు అల్లాహ్‌నే తలచుకుంటాడు, తౌబా చేసుకుంటాడు. తన తప్పుల లెక్క చూసుకోవడం, నష్టపోయినవారిని క్షమాపణ అడిగి వీలైనంత సరిదిద్దడం ఆ మెట్లలో ఉన్నాయి. ఇవి మనకు కొత్త కావు. చివర్లో అందరూ కలిసి చేసే ప్రార్థన దగ్గర ఇబ్బంది అనిపిస్తే మౌనంగా నిలబడవచ్చు. ఎవరూ తప్పుపట్టరు.

అమెరికాలోని బాల్టిమోర్‌లో 1989లో ముస్లింలే ఇదే పద్ధతిలో మిల్లతీ ఇస్లామీ అనే బృందాన్ని ప్రారంభించారు. విదేశాల్లో ఉన్న మన పిల్లలకు, బంధువులకు ఈ పేరు తెలిసి ఉండటం మంచిది.

"మీటింగ్ వేళకు మగ్రిబ్ నమాజు పోతుంది" అన్నది మరో సందేహం. మేం ఆ సంగతి అడిగితే, గది పక్కన వరండాలో నమాజు చేసుకుని వచ్చి కూర్చోమన్నారు. అంతటితో తీరిపోయింది.

మన ఊళ్ళో లేకపోతే?

పక్క పట్టణానికి బస్సు ఉంటే వారానికి ఒక్కసారైనా వెళ్ళాలి. మధ్యలో ఫోన్‌లో, ఆన్‌లైన్‌లో జరిగే మీటింగ్‌లలో కూర్చోవచ్చు. తాగకుండా ఉండాలని ఇద్దరు ముగ్గురు కలిసినా దాన్ని ఒక బృందమే అంటారు. కాబట్టి ఒక ఊరి నుంచి ఇద్దరు వెళ్ళివస్తుంటే, కొన్నాళ్ళకు ఆ ఊళ్ళోనే మీటింగ్ మొదలుకావచ్చు.

మా మదర్సా మేడ మీది గదిని ఇవ్వాలని మేం అనుకున్నప్పుడు బృందం సభ్యులు రెండు షరతులు పెట్టారు. గదికి ఎంతో కొంత అద్దె తీసుకోవాలి. బయట మా సొసైటీ బోర్డు, దాత పేరు ఉండకూడదు. బృందం మరే సంస్థకూ అనుబంధంగా ఉండకూడదన్నది వారి నియమం. ప్రారంభోత్సవం, శాలువాలు, పత్రికల్లో ఫొటో కూడా వద్దన్నారు. మాకు అది కొత్తగా అనిపించింది. ఆలోచిస్తే, కుడిచేతితో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని మనం చిన్నప్పటి నుంచి విన్నదే.

ఇంట్లోవాళ్ళ కోసం

తాగేవాడి భార్య, తల్లి, పిల్లలు కూడా ఏళ్ళ తరబడి నలిగిపోయి ఉంటారు. వాళ్ళ కోసం అల్-అనాన్ అనే కుటుంబ బృందాలు 1951 నుంచి ఉన్నాయి. పేరు వినగానే అరబీ అనుకున్నవారు మాలో ఉన్నారు. కాదు, ఆల్కహాలిక్స్ అనానిమస్ అన్న పేరులోని మొదటి అక్షరాలే. భర్త మీటింగ్‌కు రాకపోయినా భార్య దీనికి వెళ్ళవచ్చు. అతని తరఫున అప్పులు తీర్చడం, పనికి రాలేదని యజమానికి అబద్ధం చెప్పడం, సీసాలు వెతికి పారబోయడం వల్ల తాగుడు ఆగదని, అయినా తన ఇల్లు, తన ఆరోగ్యం నిలబెట్టుకోవచ్చని అక్కడ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారు. కొడుతున్న భర్త విషయంలో ఓపిక పట్టమని చెప్పడం మా పద్ధతి కాదు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి.

డబ్బు తీసుకోని చోట మన డబ్బు ఏం చేస్తుంది?

దాతలుగా మీరు అడగవలసిన ప్రశ్న ఇదే. మా కోశాధికారి మొదట అడిగింది కూడా ఇదే: "వాళ్ళకు ఎంత విరాళం ఇద్దాం?" జవాబు: ఒక్క రూపాయి కూడా తీసుకోరు. తమ ఖర్చులు సభ్యులే భరించాలి, బయటివారి విరాళాలు తీసుకోకూడదన్నది వారి సంప్రదాయాల్లో ఒకటి. 1938లో బిల్ విల్సన్, అతని మిత్రులు కోటీశ్వరుడు జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ నుంచి పెద్ద మొత్తం ఆశించారు. డబ్బు ఈ పనిని పాడుచేస్తుందేమోనని ఆయన వెనుకాడి, 5,000 డాలర్లు మాత్రమే ఏర్పాటు చేశారు. ఆనాడు నిరాశపడినవాళ్ళే తర్వాత దాన్ని మేలుగా తలచారు.

కాబట్టి మన డబ్బు మీటింగ్‌కు కాదు, మీటింగ్ దాకా వెళ్ళే దారికి ఖర్చవుతుంది. మా కమిటీ తీర్మానించిన పద్ధతి ఇది. డాక్టరు, మందులు, ఆస్పత్రిలో ఉన్న రోజుల ఖర్చు మేం నేరుగా చెల్లిస్తాం. మీటింగ్‌కు వెళ్ళిరావడానికి బస్సు చార్జీ ఇస్తాం. మొదటి నెలలో పని పోయిన రోజులకు ఇంటి సరుకులు ఇల్లాలి చేతికి ఇస్తాం. స్కూలు ఫీజు స్కూలుకే కడతాం. తాగే మనిషి చేతికి నగదు ఇవ్వం. జకాత్ సొమ్ము ఇందులో ఏ ఖర్చుకు వాడవచ్చో, దేనికి సదఖా నుంచి తీయాలో ఉలమాలను అడిగి విడివిడి ఖాతాలు పెట్టాం.

డబ్బు కంటే ఎక్కువగా కావలసింది మనుషులు. వారానికి ఒక సాయంత్రం ఒకరికి తోడుగా బస్సెక్కి, గది బయట బెంచీ మీద గంటన్నర కూర్చుని, తిరిగి ఇంటి దగ్గర దింపి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఉండగలిగేవాళ్ళు. మా వద్ద ఇప్పుడు అలాంటివారు నలుగురు ఉన్నారు. ఇంకొందరు కావాలి. యజమానులుగా ఉన్న దాతలు మరో మేలు చేయగలరు. మీ దగ్గర పనిచేసే మనిషి మీటింగ్ రోజున గంట ముందు వెళ్తానంటే కారణం అడగకుండా పంపండి.

ఆ ఆటో సోదరుడు ఇప్పుడు ఎలా ఉన్నాడని మీరు అడుగుతారు. ఏడు నెలలుగా మీటింగ్‌కు వెళుతున్నాడు. మధ్యలో ఒకసారి, ఈద్ తర్వాత మూడో రోజు, జారాడు. మరుసటి రోజు సిగ్గుతో ఇంట్లోనే ఉండిపోతే బృందం సభ్యుడే వచ్చి తీసుకెళ్ళాడు. అలా జారడం చాలామందికి జరుగుతుందట. అప్పుడు "చూశారా, నేను ముందే చెప్పాను" అనే మనుషులు ఎక్కువ, తలుపు తెరిచి ఉంచేవాళ్ళు తక్కువ. ఈ ఏడాది అతని భార్య కిట్టు తీసుకోవడానికి వచ్చినప్పుడు వరుస అయ్యేదాకా ఆగలేదు. తీసుకుని, సలాం చెప్పి వెళ్ళిపోయింది.

అతని పేరు, ముఖం మీకు చూపించలేం. ఈ వ్యాసానికి ఫొటో లేకపోవడానికి కారణం అదే. రేపు మరో ఇల్లాలు వచ్చి "ఎక్కడికి తీసుకెళ్ళాలి?" అని అడగాలంటే, ఇక్కడ చెప్పుకున్న మాట ఇక్కడే ఉంటుందన్న నమ్మకం ఆమెకు కలగాలి.

మీ మొహల్లాలో అలాంటివారు ఎవరైనా ఉంటే పేరు అడగకుండానే దారి చెబుతాం. మా కార్యాలయానికి రావచ్చు, ఫోన్ చేయవచ్చు. అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక! మానాలనుకునే ప్రతి సోదరునికి, సోదరికి స్థిరత్వాన్ని, వారి ఇళ్ళకు ప్రశాంతతను ప్రసాదించుగాక! ఆమీన్.